కజిన్సు అను ఇంటిపేరు



గత సంచిక మా గంగవరము చేరిననాటి సాయంకాలము మావారు బడినుండి వచ్చి, చేతి పుస్తకములు అరుగుమీద పెట్టుచు తమలో తాము నవ్వుకొనుచుండిరి. ఏమి సంగతియని యడిగితిని. ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె వేసిన ప్రశ్నకు తగిన సమాధానము తోచలేదనిరి.

ఆనాటి పాఠము జాతీయగీతమును గూర్చినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మన మదనపల్లె కళాశాలలో విడిసియుండెననియు, అచ్చటనే ‘జనగణమన’ను ఇంగ్లీషులోనికి మార్చి వ్రాసెననియు, ఆ కళాశాలలోని మార్గరెట్టు కజిన్సు అను ఐరిషు విదుషి ఆ పాటకు స్వరములు వ్రాసి నిలిపెననియు, ఆమె భర్తయగు జేమ్సు కజిన్సు కవియనియు మావారు పిల్లలకు చెప్పుచుండిరట. అంతలో ఆ పిల్ల లేచి, “సార్, కజిన్సంటే పెద్దనాయన పిల్లోళ్ళు, చిన్నాయన పిల్లోళ్ళు గదా! వాళ్ళిద్దరూ మొగుడూ పెండ్లాలు ఎట్లయిరి?” అని యడిగినదట. ఆమె యెదుటి బల్లమీది చిన్నవాడు వెనుకకు తిరిగి, “మేనరికం అయ్యుంటాదిలే” అనినాడట. తరగతి యంతయు గొల్లుమన్నది.

మావారు అది ఇంటిపేరు మాత్రమేనని చెప్పి పిల్లలను కూర్చుండబెట్టిరి. కాని ఇంటికి వచ్చిన పిదప వారికే సందేహము కలిగినది. చుట్టరికమును దెలుపు మాట ఇంటిపేరెట్లయ్యెను? ఈ పుటలో నెలనెలా మాటల పుట్టుపూర్వములు ముచ్చటించుకొనుట మనకు అలవాటే గనుక, ఆ పని నాకు ఒప్పగించిరి. పొయ్యిమీద పాలు కాచుచునే ఆలోచనలో పడితిని. ఆ పాలు పొంగిపోయిన సంగతి ఇక్కడ వ్రాయను.

కజిను అను మాట ఇంగ్లీషువారి సొంతము గాదు. 1066లో నార్మను ప్రభువులు ఇంగ్లండును జయించిన పిమ్మట వారి ఫ్రెంచి భాషతోగూడ వచ్చినది. ఫ్రెంచివారికది లాటినునుండి సంక్రమించినది. లాటినున దాని రూపము ‘కొన్సొబ్రీనుసు’. ఆ పదమునకు మొదటి యర్థము తల్లి తోబుట్టువుయొక్క బిడ్డ. అనగా మన పెద్దమ్మ కొడుకు, పిన్నమ్మ కొడుకు. దాని కడుపులో నున్నది లాటినువారి ‘సొరోర్’, అనగా తోబుట్టువు. ఈ సొరోర్, ఇంగ్లీషువారి సిస్టరు, మన సంస్కృతపు స్వసృశబ్దము, ఈ మూడును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. చిన్ననాట అమరము వల్లించిన సోదరీమణులకు, భగినికి పర్యాయముగా స్వసశబ్దము నోటికి వచ్చియే యుండును. తల్లి తోబుట్టువు కుమారుని సంస్కృతమున మాతృష్వసేయుడందుము. లాటినువాడును ఇట్లే తోబుట్టువును లోపల పెట్టి తన మాటను కట్టుకొన్నాడు.

పూర్వము రోమనులకు మనవలెనే ఈ చుట్టరికములన్నిటికి వేఱువేఱు పేర్లుండెడివి. తండ్రి సోదరుని బిడ్డకు ఒక మాట, మేనత్త మేనమామల బిడ్డలకు వేఱొక మాట, తల్లి తోబుట్టువు బిడ్డకు ఈ కొన్సొబ్రీనుసు. కాలక్రమమున తక్కిన మాటలు వాడుక తప్పినవి. తోబుట్టువును కడుపున దాచుకొన్న ఈ యొక్క మాటయే మిగిలి, అన్ని చుట్టరికముల బరువును మోయవలసివచ్చినది.

ఒకే మాటతో అందఱిని పిలుచుట యెంత చిక్కో మన భారతము చదివినవారికి విప్పి చెప్పనక్కఱలేదు. ఇంగ్లీషు లెక్కను ద్రౌపదిని సభకు ఈడ్పించిన దుర్యోధనుడు అర్జునునకు కజిను. అర్జునుని రథము తోలిన కృష్ణుడును కజినే. నూఱు తప్పులవఱకు మన్నింపబడి పిదప తల కోల్పోయిన శిశుపాలుడు కృష్ణునకు కజిను. సుభద్రయు అర్జునునకు కజినే. ఆమెను పెండ్లాడెను గూడ. ఒకరు దాయాది, ఒకరు బావ, ఒకరు మరదలు. ఈ భేదము తీసివేసినచో ఆ కథలో నెవ్వరికి ఎవ్వరిపై నెట్టి హక్కు కలదో, ఎవ్వరు ఎవ్వరిని పరిహాసమాడవచ్చునో తెలియనే తెలియదు. తరగతిలోని ఆ చిన్నవాడు మేనరికమనుటలో తప్పేమియు లేదు. మన దేశమున బావమరదళ్ళు ఆలుమగలగుట మర్యాదయే. ఆ పిల్ల ప్రశ్నలోను తప్పు లేదు; పెద్దనాయన బిడ్డ అన్నయే యగును. ఇంగ్లీషు మాటయే ఇద్దఱిని చెఱియొక త్రోవ పట్టించినది.

ఇంగ్లండున నడిమి యుగములందు ఈ మాట యర్థము మఱియు వ్యాపించి, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు కాక తక్కిన దూరపు బంధువు లెవ్వరైనను కజినులే యనునంతవఱకు పోయినది. రాజులు తమ లేఖలలో గొప్ప ప్రభువులను రక్తసంబంధమున్నను లేకున్నను కజినని సంబోధించుట ఆచారమైనది. కనుక ఊరిలో నొకడు ఏ గొప్పవానికో చుట్టమైనచో, “అతడు కజినయ్యా” అని పదిమంది యనుచుండగా అదియే వానికి గుఱుతుగా నిలిచినది. మన పల్లెలలోను ఊరందఱికి మామయైన వాని అసలు పేరు వాని భార్యకు తప్ప మఱెవ్వరికి తెలియకపోవుట చూచుచునే యున్నాము. ఇట్టి గుఱుతులు కొడుకునకు, మనుమనకు సంక్రమించి ఇంటిపేరు లైనవి. ఇంగ్లీషున మోసగించుట యను నర్థమున ‘కజన్’ అను క్రియ యొకటి గలదు. చుట్టమునని చెప్పికొని ఇల్లు దూరి తినిపోవువారి చలవచేతనే ఆ క్రియ పుట్టినదని కొందఱు పండితు లందురు, కాదని కొందఱు. పండుగనాళ్ళలో గృహిణులు మొదటివారి పక్షమునే వహింతురని నా నమ్మకము.

ఇంగ్లీషువారి ఇంటిపేర్లు నార్మనుల రాకకు ముందు వంశపారంపర్యముగా లేవు. మొదట భూస్వాములకు, తరువాత నాలుగు వందల యేండ్లలోపల సామాన్యులకు ఏర్పడినవి. పుట్టుకలో అవి మనవానివంటివే. మదనపల్లెలో చిరకాలము వైద్యము చేసిన జేకబు చేంబర్లేను పేరు రాజుగారి లోపలి గదులను కనిపెట్టు ఉద్యోగినుండి వచ్చినది. మనకు నిఘంటువు కూర్చియిచ్చిన బ్రౌనుదొర పేరు ఒక రంగు; మనలోను నల్లవారు, ఎఱ్ఱవారు ఉన్నారుగదా. ఊళ్ళ పేర్లు వారికిని మనకును కొల్లలు. చిత్తూరు చెంతనున్న కట్టమంచి యను పల్లె, రామలింగారెడ్డిగారి ఇంటిపేరై తెలుగువారందఱి నాలుకలమీద నిలిచినది. మా గంగవరమును ఇంటిపేరుగా గలవారును ఉన్నారు. ఏ తరమున ఈ పేరుగల యే యూరు విడిచిపోయిన వారి సంతతియో.

కజిన్సను పేరి చివరనున్న సకారము సంగతి చెప్పవలెను. అది బహువచనము గాదు. కజినుయొక్క వాడు, కజిను కొడుకు అను సంబంధమును దెలుపు ప్రత్యయము. విలియమ్సు, రాబర్ట్సు అను పేర్లలోనిదియు అదియే. బాలవ్యాకరణము చదివినవారికిది వెంటనే తెలియును. కందుకూరు, కందుకూరి యగుట యెట్లు? ఊరు శబ్దముపై ఔపవిభక్తిక ఇకారము చేరి, కందుకూరికి చెందినవారని చెప్పుచున్నది. వారి సకారము చేయు పనిని మన ఇకారము చేయుచున్నది. వారు ఇంటిపేరును చివర పెట్టుకొందురు. మనము ముందు పెట్టుకొందుము. మొదట ఇల్లు, తరువాత మనిషి. మా సీమకు ఒకవైపు అరవదేశము, ఒకవైపు కన్నడదేశము. అచ్చటి వారిలో పలువురు తండ్రి పేరి మొదటి యక్షరముతోనే సరిపుచ్చుకొందురు. సంతలో పేరు వినగానే ఇతడు తెలుగువాడని గుర్తించుటకు ఇంటిపేరే మాకు ఆనవాలు.

జేమ్సు కజిన్సు 1873లో ఐర్లండులోని బెల్ఫాస్టున జన్మించెను. ఆతని పూర్వులు మతపీడకు తాళలేక ఫ్రాన్సునుండి పారివచ్చిన హ్యూగెనాట్లని వ్రాసియున్నారు. అట్లైనచో ఈ పేరు ఇంగ్లండుతో నిమిత్తము లేక ఫ్రాన్సునుండి నేరుగానే ఆ యింటికి వచ్చియుండవచ్చును. ఐర్లండున ఇంటిపేర్ల కథ వేఱు. మనుమడను నర్థముగల ‘ఓ’, కొడుకను నర్థముగల ‘మాక్’ ముందు చేర్చిన పేర్లు వారికి మిక్కిలి ప్రాచీనములు. 1465లో ఇంగ్లీషు ప్రభుత్వము డబ్లిను చుట్టునున్న తన సీమలోని ఐరిషువారు ఒక యూరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో, ఉద్యోగపు పేరో ఇంగ్లీషు ఇంటిపేరుగా పెట్టుకొనవలెనని శాసనము చేసినది. ఇంటిపేరు మార్చుకొమ్మనుట యెంతటి అధికారమో పాలకులకు బాగుగా తెలియును.

ఇక మార్గరెట్టు. ఆమె 1878లో బాయిల్ అను చిన్న పట్టణమున పుట్టినది. సంగీతమున పట్టము పుచ్చుకొన్నది. ఆమె పుట్టినింటి పేరు గిలెస్పీ. గేలిక్ భాషలో దానికి బిషప్పు సేవకుడని యర్థము. మన రామదాసు, హరిదాసు అను పేర్ల వరుసలోనిది. 1903లో జేమ్సును పెండ్లాడిననాటినుండి ఆ పేరు మఱుగుపడినది. వివాహముతో భార్య వ్యక్తిత్వము భర్తయందు లీనమగునని పూర్వపు ఇంగ్లీషు ధర్మశాస్త్రము. ఆస్తియు పేరును ఆ లెక్కలోనివే. 1908లో స్త్రీలకు వోటు కావలెనని డబ్లినులో సంఘము స్థాపించినవారిలో ఈమె యొకతె. అందుకొఱకు చెఱసాలకు వెళ్ళినది. 1915లో దంపతులిద్దఱు హిందూదేశమునకు వచ్చిరి. 1917లో అడయారున స్త్రీల సంఘమును నెలకొల్పుటలోను, 1927లో పూనాలో అఖిలభారత మహిళాసభను సమకూర్చుటలోను ఈమె చేయి గలదు. 1922లో మేజిస్ట్రేటుగా కూర్చున్నది. ఈ దేశమున ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఈమెయే. ఇన్ని పనులు చేసిన చేతి వ్రాలు మాత్రము కజిన్సు అనియే.

ఆమెతో కలసి డబ్లిను సంఘమును స్థాపించిన హాన్నా షీహీ కథ వేఱు. ఆమెయు 1903లోనే ఫ్రాన్సిసు స్కెఫింగ్టను అను నాతని పెండ్లాడెను. ఆ దంపతులు రెండు ఇంటిపేర్లను కలిపి ఇద్దఱును షీహీ స్కెఫింగ్టను లైరి. భార్య భర్త పేరు తీసికొన్నట్లే భర్తయు భార్య పేరు తీసికొన్నాడు. ఇది చదివి మావారికి వినిపించితిని. వారు పంచాంగము తిరగవేయుచు ఏమియు విననట్లుండిరి.

మదనపల్లె కళాశాల గుమ్మముమీది పేరును నన్ను ఆలోచనలో పడవైచును. 1915లో ఆ కళాశాలను స్థాపించిన అనిబిసెంటమ్మ పుట్టినింటి పేరు వుడ్. 1867లో బిసెంటను మతాచార్యుని పెండ్లాడి, 1873లో ఆతనినుండి విడిపోయినది. మగని విడిచినను మగని ఇంటిపేరు ఆమెను విడువలేదు. బిసెంటు అనునది బైజాంటియపు బంగారు నాణెము పేరు. ఆమె విడిచివచ్చిన ఇంటి పేరు మన సీమలోని విద్యాలయమునకు నిలిచిపోయినది. ఆ మతాచార్యుడు మదనపల్లెను కలలోనైనను తలచియుండడు.

మనలో సంగతి యేమని యడుగుదురు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిన భండారు అచ్చమాంబగారును, విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్న కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును ఒకే తల్లి బిడ్డలు. పేర్లు చూచి ఎవ్వరైనను తోబుట్టువులని గుర్తింపగలరా? తరిగొండ వెంగమాంబగారి పుట్టినిల్లు కానాలవారిది. 1817లో కీర్తిశేషురాలైన ఆ తల్లికి పుట్టినింటి పేరును మెట్టినింటి పేరును రెండును ముందు నిలువలేదు. తన యూరే ఇంటిపేరైనది. తరిగొండ మదనపల్లెకు దూరము గాదు. బాల్యముననే వైధవ్యము తెచ్చుకొన్న ఆమెను ఎవ్వరింటి దానిగా పిలువవలెనో లోకమునకు తోచనప్పుడు, తరిగొండ నరసింహస్వామి యూరు ఆమెను దత్తు తీసికొన్నట్లు నాకు తోచును.

ఈ యేడు ఇవి నన్నింతగా కలచివేయుటకు ఒక కారణము గలదు. నా మేనకోడలు, మా అన్నగారి యేకైక పుత్రిక, నిరుడు వివాహమై మెట్టినింటికి వెళ్ళినది. ఆమె పట్టములన్నియు పుట్టినింటి పేరుతో నున్నవి. పెండ్లియైన నెలలోపలనే పెద్దలు ఆధారు కార్డులో పేరు మార్పించిరి. ఈ వేసవిలో ఆమె కొక ఉద్యోగమునకు పిలుపు వచ్చినది. పత్రములు పరిశీలించు కార్యాలయమున, “ఇందులో నున్న మనిషియు అందులో నున్న మనిషియు ఒక్కతెయే యనుటకు సాక్ష్యమేమి?” అని యడిగి త్రిప్పి పంపిరి. ప్రమాణపత్రము వ్రాయించి మరల వెళ్ళినది. అది చాలదని మరల పంపిరి. ఇరువది మూడేండ్లు ఏ పేరుతో పిలువబడి పలికెనో, ఆ పేరిటి పిల్ల తానే యని ఋజువు చేయుటకు మా కోడలు మూడు పర్యాయములు ఎండలో నిలువవలసివచ్చినది. పెండ్లియైన స్త్రీ ఇంటిపేరు మార్చుకొనవలెనని ఈ దేశమున నెట్టి చట్టమును లేదు. ఆచారము మార్చుమన్నది, కచేరీ యెందుకు మార్చితివన్నది.

ఆమె కన్నీటితో నాకు ఫోను చేసి, “అత్తా, నువ్వు మార్చుకున్నప్పుడు నీకేమీ అనిపించలేదా?” అని యడిగినది. నేను బడికి పోయి చదివినదానను గాను. మా నాయన ఇంటనే కూర్చుండబెట్టి భారతము, అమరము చెప్పినాడు. కనుక పట్టములు లేవు, చిక్కును లేదు. వివాహమైననాడు ఇంటిపేరు మాఱినదని ఒకరు నాతో చెప్పినట్లుగూడ జ్ఞాపకము లేదు. శుభలేఖలు పంచుటతోనే అది ముగిసినది. కాని మా అన్నగారికి మగసంతు లేదు. నేను ఆ పేరు విడిచివచ్చితిని. ఇప్పుడు ఈ పిల్లయు విడిచినది. మా యింట నా పేరు ఆయనతో ఆగును. ఇన్నాళ్ళు ఈ సంగతి నా మనస్సున మెదలనే లేదు.

ఆ మఱునాడు మావారు కజిన్సు కథను తరగతిలో చెప్పి, పిల్లలనందఱిని ఇంటికి పోయి తమ అవ్వల పుట్టినింటి పేర్లు అడిగి వ్రాసికొని రమ్మనిరి. కొందఱు వెంటనే తెచ్చిరి. కొందఱ యిండ్లలో అవ్వలు చాలసేపు ఆలోచించి చెప్పిరట. ఆ ప్రశ్న వేసిన పిల్ల మాత్రము, “మా అవ్వకు గురుతు లేదంట సార్. వాళ్ళన్నను అడిగి చెప్తానన్నాది” అని ఉత్త కాగితముతో వచ్చినది. ఆ అన్నగారు కుప్పము దగ్గఱ ఉన్నాడట. ఆదివారము నాడు ఫోనులో అడిగి తెలిసికొని, సోమవారము పిల్ల ఆ పేరును పెద్ద యక్షరములతో వ్రాసి తెచ్చి మావారి బల్లమీద పెట్టినది.

కజిన్సు దంపతులు తమ జీవితకథను ఇద్దఱును కలసియే వ్రాసి 1950లో మద్రాసున అచ్చు వేయించిరి. దానిలో కొంతభాగము ఆమె చెప్పును, కొంతభాగము ఆతడు చెప్పును. అట్టమీద పేర్లు రెండు, ఇంటిపే రొకటి. జేమ్సు తరువాతి కాలమున తన పేరిలో జయరామశబ్దమును చేర్చుకొనెను. ఇంటిపేరు మాత్రము మార్చుకొనలేదు. మార్గరెట్టు 1954లోను, ఆతడు 1956లోను లోకయాత్ర చాలించిరి.

నా కడ మా నాయన యిచ్చిన భారతము ఆదిపర్వము ప్రతి యొకటి గలదు. దాని మొదటి పుటలో నా పేరు పుట్టినింటి పేరుతో ఆయన చేతివ్రాతతో నున్నది. ఆ రూపమున నా పేరున్న చోటు ఇప్పుడు అదొక్కటే. వచ్చు పండుగకు వచ్చునప్పుడు ఆ పుస్తకము తనకిమ్మని మా కోడలు అడిగినది. ఇచ్చెదను. నా పేరు క్రింద తన పేరు తానే వ్రాసికొనునట.